మట్టలు కొట్టు యంత్రము: ట్రాక్టరునకు తగినదానిని ఎన్నుకొనుట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



కావ్యగోష్ఠి జరుగవలసిన సాయంకాలమున కొబ్బరిమట్టల ప్రసంగమేమని కొందఱికి తోచవచ్చును. అర్థశాస్త్రమున కౌటిల్యుడు కుప్యాధ్యక్షుడను నొక అధికారిని నియమించి, అడవిలోని మేలి కలపతోపాటు బొగ్గులు, ఊక, బూడిద వఱకును ఆతని లెక్కలో చేర్చియున్నాడు. ఏలుబడి యన్నతరువాత కట్టెపుల్లకును లెక్క యుండవలెనని ఆ మహానుభావుని అభిప్రాయము. మన కోనసీమలో కొబ్బరిమట్టను మాత్రము ఎవరును లెక్కింపరు. అది రాలును, గట్టుమీద పడియుండును, వేసవిలో ఎవరో యొకరు అగ్గిపుల్ల గీయుదురు. దాని లెక్క ఒకమాఱు వేసి చూచిన పిమ్మటనే ఈ గ్రామమున యంత్రము మాట పుట్టినది.

ఆ లెక్క ఇట్టిది. ఏడున్నర మీటర్ల ఎడమున నాటిన తోటలో హెక్టారునకు ఇంచుమించు 175 చెట్లు, అనగా ఎకరమునకు 70 చెట్లు పట్టును. కాపునకు వచ్చిన చెట్టు నెలకొక మట్ట చొప్పున ఏటికి 12 మొదలు 14 మట్టలు వదలును. తక్కువ పక్షము ఎకరమునకు 840 మట్టలు. కలిసి యంత్రము కొందమని ముందునకు వచ్చిన కుటుంబములవారి తోటలన్నియు చేర్చిన 100 ఎకరములు. అనగా ఏటికి 84,000 మట్టలు. ఈ అంకె పలకమీద వేసి చూపినప్పుడు గ్రంథాలయపు అరుగుమీద కూర్చున్నవారు కొంతసేపు మాటలాడలేదు.

పూర్వము ఈ 84,000 మట్టలును భారము కాలేదు. మట్ట మొదలు పొయ్యిలోనికి పోయెడిది. కమ్మ తడికలకును, పందిళ్ళకును, పాకల కప్పులకును పోయెడిది. ఈనె చీపురగుచుండెను. ఇంటింట గ్యాసుపొయ్యి వచ్చి, పాకలు డాబాలైన తరువాత మట్టకు పనిలేకపోయెను. తోటలోనే పడి కుళ్ళినచో కొమ్ముపురుగునకు అదియొక పుట్టిల్లగును. కాల్చినచో పొటాషు బూడిదగానైన మిగులును గాని నత్రజని పొగయై పోవును. మొదళ్ళ దగ్గఱ మంటపెట్టిన తోటలలో చెట్ల బెరడు కమలుటయు, కోకో మొక్కలు మాడుటయు అందఱు చూచినదే.

తుపానుల మాట వేఱుగా చెప్పవలయును. 1996వ సంవత్సరము నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమను ఊడ్చిన గాలి యెట్టిదో చూచినవారు ఇంకను ఉన్నారు. అప్పుడు పడిన చెట్లు తొలగించుటకే రైతులకు నెలలు పట్టినది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానునకు ఉద్దానములోని తోటలకును అట్టి గతియే పట్టినది. ఇట్టి యంత్రము ఊరనున్నచో పడిన చెట్లనుగూడ పొడి చేయవచ్చునని ఒకరిద్దఱు ఆశపడిరి. ఆ ఆశను మొదటనే వదలుకొనవలసివచ్చెను. ముదురు కొబ్బరిచెట్టు మ్రాను లోపల మెత్తగా నుండినను వెలుపలి పెచ్చు మిక్కిలి గట్టిది. వాసములకు దానిని వాడుట అందులకే. అడుగు లావు మ్రానును నమలగల యంత్రమును మన ట్రాక్టర్లు త్రిప్పలేవు. మ్రానునకు ఱంపమే గతి. యంత్రము మట్టలకును, కోకో కొమ్మలకును, గట్లమీది సుబాబులు, గ్లిరిసిడియా కొమ్మలకును మాత్రమే యని నిశ్చయించుకొనుటతో బేరము సగము తేలికయైనది.

మొదట ఒక అమ్మకపుదారు యంత్రమును తెచ్చి చూపెను. అది డిస్కు జాతి యంత్రము. బరువైన ఉక్కు పళ్ళెమునకు రెండుమూడు కత్తులు బిగించియుండును. పళ్ళెము తిరుగుచుండగా కొమ్మ కొన దానికి ఎదురుగా పోవును. ప్రక్కన కదలని కత్తి యొకటి దాగలివలె నిలిచియుండును. రెంటి నడుమ చిక్కిన కొమ్మ పలుచని బిళ్ళలుగా తెగును. అమ్మకపుదారు వేపకొమ్మ, గ్లిరిసిడియా కొమ్మ, మఱల వేపకొమ్మ వేసెను. బిళ్ళలు కల్లము మీది ధాన్యమువలె ఎగిరి పడెను. పిల్లలు చప్పట్లు కొట్టిరి.

"చూశారా అండీ, వెన్నముద్ద కోసినట్టు కోసేసింది" అని ఆయన చెమట తుడుచుకొనెను.

అరుగుచివర కూర్చున్న పెద్ద రైతొకరు, "ఆయ్, బాగానే ఉందండీ. వేపకొమ్మకి మా ఇంట్లో కత్తి ఉంది. ఆ గట్టుమీద మట్ట ఒకటి పెట్టి చూపించండి" అనెను.

పచ్చిమట్ట యొకటి పెట్టిరి. అది సగము పోయెను. రెండవది పెట్టునప్పటికి లోపల చప్పుడు మాఱినది. మూడవ మట్టకు బెల్టు జాఱి పొగ వచ్చెను. ఆపి మూత తెఱచి చూడగా, కమ్మల ఈనెలును పీచును కదురునకు నూలు చుట్టుకొన్నట్లు ఇరుసునకు చుట్టుకొని యుండెను. అరగంట సేపు కొడవలితో కోసి తీయవలసివచ్చెను. యంత్రము చెడ్డది కాదు. అది కట్టెకొఱకు పుట్టినది, మట్ట కట్టె కాదు. చూపించువాడు తెచ్చిన కొమ్మను కాక, కొనువాడు తన తోటనుండి తెచ్చిన చెత్తను పెట్టి చూడవలెనను నియమము ఆనాడు కుదిరినది.

ఆ యంత్రమును తిప్పి పంపివేయుటకు మఱియొక కారణము కూడ కలదు. అదియే ముఖ్యము. ఆ పెద్ద రైతునకు ఎడమచేతి వేళ్ళు మూడు లేవు. చిన్నతనమున చెఱకు గానుగలో పోయినవి. యంత్రము ఆగి, తాళము తీసి, పళ్ళెము పూర్తిగా నిలిచిన తరువాత ఆయన తన మేనల్లుని పిలిచెను.

"ఒరేయ్ అబ్బాయ్, ఆ గొట్టంలోకి చెయ్యి పెట్టి ఎంత దూరం పోద్దో చూడరా."

"ఆపేసి ఉంది కదా మావయ్యా, ఇప్పుడు చూసేదేముంది?"

"ఆపినప్పుడే కొలవాలి. తిరిగేటప్పుడు అదే కొలుచుకుంటది."

ఆ కుఱ్ఱవాడు చేయి చాపగా వ్రేళ్ళ కొసలు కత్తికి తగిలినవి. నోటినుండి కత్తుల వఱకు గల దూరము చేతి పొడవుకంటె తక్కువ. అంతటితో బేరము ముగిసినది. ఆ పిదప చూచిన ప్రతి యంత్రమునకును ఆ పెద్దాయన ఒక ఈతకఱ్ఱను వెంట తీసికొనిపోయెను. ఊరిలో పొడుగరి యగు కుఱ్ఱవాని భుజమునుండి వ్రేళ్ళ కొస వఱకు కొలిచి, ఆ పైన జానెడు చేర్చి కోసిన కఱ్ఱ అది. యంత్రపు నోటిలో పెట్టినప్పుడు ఆ కఱ్ఱ కత్తికి తగిలినచో ధర అడుగకయే తిరిగి వచ్చువారు. నూర్పిడి యంత్రములలో చేతులు పోగొట్టుకొన్నవారి గోడు విని 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రముల నియంత్రణ చట్టము చేయవలసి వచ్చిన సంగతి చదువరులెఱిగినదే. చట్టము కాగితముమీద నుండును. కఱ్ఱ చేతిలో నుండును.

రెండవ యంత్రమును చూచుటకు ఏలూరు వైపు పామాయిలు తోటల ఊరికి పోయిరి. అచ్చట హెక్టారునకు 143 చెట్లు. గెల కోసినప్పుడెల్ల మట్ట కోయక తప్పదు. ఆ మట్టలకు ముండ్లు. కావున అచ్చటి రైతుల చిక్కు మన చిక్కుకంటె పెద్దది. అచ్చట చూచినది డ్రమ్ము జాతి యంత్రము. పళ్ళెమునకు బదులు లావుపాటి రోలువంటి ఉక్కు డ్రమ్ము, దానిపై వరుసగా కత్తులు, వాని వెనుక ఊగులాడు సుత్తులు, క్రింద చిల్లుల జల్లెడ. కత్తి నఱుకును, సుత్తి నలుగగొట్టును, తగినంత చిన్నదైనది జల్లెడనుండి జాఱును. తక్కినది మఱల తిరుగును. పీచు ఇరుసునకు చుట్టుకొను లోపల సుత్తులు దానిని తెంపివేయును. మన మట్టలు పది, కోకో కొమ్మల మోపొకటి ట్రాలీలో తీసికొనిపోయియుండిరి. అన్నియు పోయినవి.

ఆ యంత్రపు యజమానిని మెచ్చుకొనవలెను. అమ్మువాడు కాడు గనుక దాపరికము లేకుండ చెప్పెను. వానలో తడిసిన మట్ట వేసినచో జల్లెడ మూసికొనిపోవును. అప్పుడు పెద్ద చిల్లుల జల్లెడ మార్చుకొనవలెను, కావున రెండు జల్లెడలు లేనిదే కొనవద్దు. అరటిబోదెలు అసలే వేయవద్దు, నీరును నారయు కలిసి లోపల పిండివంటయగును. ఇసుకలోను బురదలోను ఈడ్చిన మట్టను విదిలింపక వేసినచో ఉదయము నూరిన కత్తి సాయంకాలమునకు మొద్దుబాఱును. ఎండి గట్టిపడినదానికంటె రాలిన వారము పదిరోజుల మట్ట తేలికగా తెగును. చెట్లకు కట్టిన ఇనుపతీగె ముక్క యొకటి లోపలికి పోయినప్పుడు రెండు కత్తులు విఱిగిన కథయు చెప్పెను.

ఇక ట్రాక్టరు సంగతి. ఈ గ్రామమున పనికి వచ్చునవి రెండు ట్రాక్టర్లు, ఒకటి 35 అశ్వశక్తులది, మఱియొకటి 47ది. అందఱును చేయు పొరపాటు ఇంజను శక్తిని చూచి యంత్రమును బేరమాడుట. వెనుకనున్న పీ.టీ.ఓ. షాఫ్టునకు వచ్చుసరికి ఇంజను శక్తిలో నూటికి 85, 90 పాళ్ళు మాత్రమే మిగులును. 35ది అచ్చట 30 అగును. 47ది 40 అగును. యంత్రము పుస్తకములో వ్రాసిన శక్తి ఇంజను శక్తియా, షాఫ్టు శక్తియా యని అడిగినప్పుడు అమ్మకపుదారులలో సగముమంది తడబడిరి. చేతి లావు, అనగా నాలుగంగుళముల కొమ్మను నిత్యము కొట్టుటకు షాఫ్టువద్ద 20, 25 అశ్వశక్తులు చాలును. ఆఱంగుళములకు 30 మొదలు 40 కావలెను. పుస్తకములో ఆఱంగుళములని వ్రాసినచో అది యెప్పుడో ఒకమాఱు పట్టగల గరిష్ఠమే కాని దినమంతయు కొట్టగల కొలత కాదు. నిత్యము వేయునది దానిలో సగము, మూడువంతులలో రెండు వంతులు మించరాదు.

మన చెత్తను కొలిచి చూచిరి. కోకో కొమ్మలు బొటనవ్రేలినుండి మణికట్టు లావు. సుబాబులు నాలుగంగుళములు. మట్ట మాత్రము విచిత్రమైనది. కొన పిడికెడే యైనను మొదలు జానెడు వెడల్పుగా పఱచుకొని యుండును. కావున గుండ్రని నోటి యంత్రములో వ్యాసము ఎంతయున్నను మట్ట మొదలు పట్టదు. వెడల్పుగా, అడ్డముగా తెఱచుకొన్న నోరు కావలయును. అట్టి నోరు లేనిచో మట్ట మొదలును ముందుగ గొడ్డలితో తీసివేయవలసి వచ్చును, దానికొక మనిషి కూలి. కొలతల పట్టికలో ఎచ్చటను కనబడని ఈ సంగతి మట్టను పెట్టి చూచినగాని తెలియదు.

ట్రాక్టరు వెనుకనుండి శక్తి తీసికొను పద్ధతి క్రొత్తది కాదు. అమెరికాలో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీవారు 1918లోనే తమ ట్రాక్టరునకు ఇట్టి షాఫ్టును అమర్చిరి. పరికరమును మూడు చేతులతో పట్టి ఎత్తు పద్ధతి ఐరిష్ దేశస్థుడగు హ్యారీ ఫెర్గుసనుది. 1939లో ఫోర్డు ట్రాక్టరుతో అది లోకమంతట ప్రాకినది. పద్ధతి పాతదైనను దానిని ఎఱుగక చేయు పొరపాట్లు పాతబడలేదు.

అందు మొదటిది వేగము. యంత్రములు ఎక్కువగా నిమిషమునకు 540 చుట్ల షాఫ్టుకొఱకు చేయబడును. కొన్ని ట్రాక్టర్లలో మీట మార్చినచో అదే షాఫ్టు 1,000 చుట్లు తిరుగును. 540కి చేసిన డ్రమ్మును తెలియక 1,000తో త్రిప్పినచో కత్తులను బయటికి లాగు బలము రెట్టింపు కాదు, వేగపు వర్గమును బట్టి పెరిగి ఇంచుమించు మూడున్నర రెట్లగును. బోల్టు తెగి కత్తి ఊడినచో అది తుపాకిగుండే. ఆ మీటను 540 వద్ద కదలకుండ కట్టివేయనిదే యంత్రము తగిలింపరాదని నిర్ణయించిరి.

రెండవది షాఫ్టు పొడవు. ఇది ఒకదానిలో ఒకటి దూఱు గొట్టముల జత. యంత్రమును ఎత్తినప్పుడును దింపినప్పుడును పొడవు మాఱును. గొట్టము పొడవైనచో ఎత్తునప్పుడు తుద తాకి ట్రాక్టరు వెనుకటి బేరింగునే పగులగొట్టును. పొట్టిదైనచో నడుమ ఊడివచ్చును. ఒకదానిలో మఱియొకటి కనీసము మూడవవంతైనను దూఱియుండునట్లు ఆ ట్రాక్టరునకే కొలిచి కోయింపవలెను. రెండు ట్రాక్టర్లకు ఒకే షాఫ్టు చాలునని అమ్మువాడు చెప్పినను నమ్మరాదు.

మూడవది డ్రమ్ము బరువు. బరువైన డ్రమ్ము క్లచ్చి నొక్కిన వెంటనే ఆగదు. నిమిషము, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు తిరుగుచుండును. ఆ తిరుగుడు వెనుకకు ట్రాక్టరును తోయకుండ ఒకవైపు మాత్రమే పట్టు క్లచ్చి షాఫ్టుమీద నుండవలెను. సైకిలు వెనుకచక్రపు ఫ్రీవీలు వంటిదే అది. లోపల ఏదైన ఇఱుకుకొన్నప్పుడు తెగిపోవు మెత్తని బోల్టు యొకటి ఉండును. దాని స్థానమున గట్టి బోల్టు బిగించుట తెలివియని అనుకొను మెకానిక్కులు కలరు. అది ఫ్యూజు తీగెకు బదులు మేకు పెట్టుట.

మట్టను లోపలికి పంపు విధానము రెండు తెఱగులు. కొన్నింట కత్తులే కొమ్మను లాగుకొనును. ఇవి చవుక. కాని లాగుకొనుటలో నిదానము లేదు. కొమ్మ చివరనున్న కొక్కెమువంటి పంగ చొక్కాచేతికి తగిలినచో మనిషిని కూడ లాగును. తక్కినవానిలో హైడ్రాలిక్ రోలర్లు మట్టను పట్టి మెల్లగా పంపును. డ్రమ్ము వేగము తగ్గినచో రోలర్లు తామే ఆగి, వేగము కోలుకొన్న తరువాత మఱల నడుచునవి కొన్ని కలవు. నోటిచుట్టును అడ్డముగా నొక కమ్మీ ఉండి, తొడతోనైన నొక్కినచో రోలర్లు వెనుకకు తిరుగును. వీనికి వెల ఎక్కువ. ఈ యొక్క విషయముమీద సంఘములో రెండు రాత్రులు వాదము జరిగినది. చదువుకొన్న మేనల్లుడు రోలర్లున్నదే కొనవలెననెను. కొందఱు ఆ ధర వ్యత్యాసముతో బోరు వేయించుకొనవచ్చుననిరి. మూడు వ్రేళ్ళు లేని పెద్దాయన వాదింపలేదు. చేయిమాత్రము దీపము వెలుతురున బల్లమీద పెట్టెను. రోలర్ల పక్షము నెగ్గినది.

కూలీల వేషము గూర్చియు మాట వచ్చెను. షాఫ్టు నిమిషమునకు 540 చుట్లనగా సెకనునకు 9 చుట్లు. షాఫ్టు కీలు దగ్గఱ వ్యాసము 10 సెంటీమీటర్లనుకొన్నచో చుట్టుకొలత 31 సెంటీమీటర్లు. సెకనునకు 2.8 మీటర్ల గుడ్డ చుట్టుకొనును. రెండు మీటర్ల కండువా చుట్టుకొనుటకు ఒక సెకను కూడ పట్టదు. అయ్యో యనుటకు వ్యవధి లేదు. షాఫ్టుమీది ప్లాస్టిక్ తొడుగు పగిలిననాడు పని ఆగవలెను. లుంగీ, కండువా, వ్రేలాడు చేతిగుడ్డలు యంత్రము దగ్గఱికి రారాదు. చెవులకు దూదియైనను, కండ్లకు అద్దములును ఉండవలెను. మూత తెఱచువాని జేబులోనే ట్రాక్టరు తాళము ఉండవలెను.

రాయితీ సంగతి త్వరగా చెప్పి ముగింపవచ్చును. 2014-15లో ఆరంభమైన వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషను క్రింద రైతుసంఘములకు యంత్రముల అద్దె కేంద్రములు పెట్టుకొను వీలు కల్పింపబడినది. రాయితీ వచ్చునని పనికిరాని యంత్రము కొనినవారిని చూచుచునే యున్నాము. రాయితీకంటె పరీక్షా నివేదిక మేలైనది. అనంతపురము జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వపు వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థ కలదు. అట్టి సంస్థలు పరీక్షించిన యంత్రముల నివేదికలలో అది తినిన శక్తి, కంపము, చప్పుడు, కత్తి ఉక్కు గట్టిదనము వ్రాసియుందురు. అమ్మకపుదారును ఆ నివేదిక చూపుమని అడుగుట తప్పు కాదు. నవ్వి మాట తప్పించినవాని దగ్గఱ కొనుట తప్పు.

గంటల లెక్కయే సంఘమును నిలిపినది. నిమిషమునకు నాలుగు మట్టల చొప్పున గంటకు 240. రోజునకు యంత్రము నిజముగా తిరుగునది 6 గంటలనుకొన్నచో 1,440 మట్టలు. 84,000 మట్టలకు 58 రోజులు. కోకో కత్తిరింపునకును గట్ల కొమ్మలకును మఱి 10 రోజులు. ఏటికి 70 రోజుల పని యున్న యంత్రము ఒక్క కుటుంబమునకు వ్యర్థము, 100 ఎకరములకు సరిపడును. ఎకరము చొప్పున కాక గంట చొప్పున అద్దె కట్టవలెనని తీర్మానించిరి. ఎకరము చొప్పున నైనచో రాలిన మట్టను శుభ్రముగా గట్టునకు చేర్చినవాడును, బురదలో వదలినవాడును సమానముగా చెల్లింపవలసి వచ్చును. అది న్యాయము కాదు. డీజిలు తోటవాడు పోయవలెను. కత్తుల నూఱుడు, బేరింగులు, కొత్త కత్తుల జతకు గంటకింత యని ప్రత్యేకముగా తీసి నిలువ చేయవలెను. కొన్ననాడు ఈ నిలువ తీయనివారి యంత్రములే మూడవ ఏట కోళ్ళ గూళ్ళగును.

తీర్మానము వ్రాయుచున్న రాత్రి చీపుళ్ళు కట్టి అమ్ము నొక విధవ మెట్ల దగ్గఱ నిలుచుండి అడిగెను.

"ఆ మిషను ఈనెలు కూడా తినేస్తదా అండీ?"

తినివేయును. ఇంతవఱకు ఎవరును ఆ మాట తలపలేదు. ఊరిలో చీపుళ్ళమీద బ్రతుకు కుటుంబములు ఆఱు. ఉచితముగా దొరుకు కమ్మలు యంత్రము పాలైనచో వారి పొట్టకూడు పోవును. పెద్దాయన అడిగిన ప్రశ్నకే చిక్కు విడిపోయెను. "కమ్మ దూసేసిన మట్ట మిషనుకి మంచిదా, చెడ్డదా?" మంచిదే. మొదటి యంత్రమును ముంచినవి ఆ ఈనెలే కదా. కమ్మ దూసిన మట్ట కట్టెవలె తెగును, జల్లెడ మూసికొనదు, నిమిషమునకు నాలుగు కాదు ఆఱు పోవును. అన్ని మట్టలను ఆఱు కుటుంబములు దూయలేవు. దూయగలిగినన్ని వారివి. దూసిన మట్టలను వేఱు కుప్ప వేసినవారికి గంట అద్దెలో తగ్గింపు. ఇట్లు చీపుళ్ళవారు పని చేసినచో తోటవానికే లాభము కలుగునట్లు లెక్క కుదిరినది.

యంత్రము వచ్చి ఒక ఋతువు గడచినది. 47 అశ్వశక్తుల ట్రాక్టరుకే తగిలించుచున్నారు. 35దానికి తగిలించినప్పుడు డ్రమ్మును త్రిప్పగలిగెను గాని, యంత్రమును ఎత్తగానే ముందు చక్రములు తేలి, బోదె దాటునప్పుడు త్రోవ తప్పెను. ముందు బరువులు కట్టియు కొన్నాళ్ళు చూచి మానిరి. అశ్వశక్తిని చూచినవారు లిఫ్టు ఎత్తగల బరువును చూడవలెనని అప్పటికి గాని జ్ఞాపకము రాలేదు. ఇది అందఱి తప్పు. కత్తులకును కదలని కత్తికిని నడుమ ఎడము అట్ట మందము మించినచో మట్ట తెగక నలుగుచున్నది. వారమునకొకమాఱు డ్రమ్మును చేతితో మెల్లగా త్రిప్పుచు ఆ ఎడము కొలుచుచున్నారు.

వచ్చిన పొడిని ఏమి చేయవలెననుటలోను కొంత తడబాటు జరిగినది. పొడిని మట్టిలో కలిపి దున్నిన ఒక రైతు అరటిమొక్కలు పసుపుబాఱినవి. పచ్చి కట్టెపొడి కుళ్ళుటకు మట్టిలోని నత్రజనిని తానే తీసికొనును. పైన కప్పినచో ఆ బాధ అంతగా లేదు. కావున చెట్టు చుట్టు 1.8 మీటర్ల పళ్ళెములో, మ్రానునకు తగులకుండ, పైన పఱచుచున్నారు. వేసవిలో తడి నిలుచుచున్నది. కాసరగోడులోని కేంద్ర తోటపంటల పరిశోధనా సంస్థవారు కొబ్బరి ఆకును వానపాములచేత ఎరువు చేయించు పద్ధతిని నేర్పియున్నారు. ఇద్దఱు రైతులు అట్టి తొట్లు కట్టిరి. ముక్క చిన్నదైనకొలది పని వేగముగ సాగుచున్నది. అయితే కుళ్ళుచున్న కుప్పలో కొమ్ముపురుగు గ్రుడ్లు పెట్టును. కావున కుప్పను ఎత్తుగా పోయక, నెలకొకమాఱు తిరుగవేయుచు, మెటరైజియం శిలీంధ్రము కలుపుచున్నారు. గానోడెర్మా తెగులు సోకిన చెట్టు మొదలుగాని వేరుగాని యంత్రములో వేయుట నిషిద్ధము. తెగులును 100 ఎకరములకు పంచిపెట్టుటకు అంతకంటె సులభమైన ఉపాయము మఱియొకటి లేదు.

ఈతకఱ్ఱ ఇప్పుడు యంత్రపు మూతకు తీగెతో కట్టబడియున్నది. లోపల ఇఱుకుకొన్నదానిని త్రోయుటకు దానినే వాడవలెను, చేయి కాదు. దాని కొస రెండుమాఱులు తెగినది. తెగినప్పుడెల్ల క్రొత్త కఱ్ఱను ఆ పొడుగరి కుఱ్ఱవాని భుజమునుండి మఱల కొలిచి కోయుచున్నారు.